పాత పండగని ఎక్కడ వెతకాలి: పత్రికల్లోనా, సినిమాల్లోనా, రికార్డుల్లోనా, గెజెటీర్లలోనా?

పోయిన ఏడాది పెద్దపండగకి, అంటే సంక్రాంతికి, మా విజయనగరం వీధి కుర్రాళ్ళు రామకోవెల మండపంలో ఒక ప్రదర్శన పెట్టారు. తాతల నాటి పండగ ఎలా ఉండేదో బొమ్మలతో, పాటలతో చూపించాలని వాళ్ళ ఆశ. పాత కాగితాలంటే నాకు ప్రాణమని తెలుసు కాబట్టి సరుకు వెతికే పని నాకు అప్పజెప్పారు. నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని ఆన్‌లైన్‌లో దొరికే ఆర్కైవులన్నీ తిరగేశాను. పాత పత్రికల ముఖచిత్రాలు, సినిమా పాటల పుస్తకాల అట్టలు, గ్రామఫోన్ రికార్డుల లేబుళ్ళు, ఎనభై తొంభై ఏళ్ళ కిందటి ప్రకటనలు దొరికాయి. కలర్ ప్రింట్లు తీయించి అట్టలకి అంటించాం. చూడ్డానికి ఎంతో బాగుంది.

భోగి సాయంత్రం మా ఎదురింటి మామ్మగారు కర్ర ఆనుకుంటూ వచ్చారు. ఒక్కో అట్ట దగ్గరా నిలబడి ఓపిగ్గా చూశారు. చివరికి వచ్చి నాతో అన్నారు: "అన్నీ బాగున్నాయి బాబూ. పిడకల దండేదీ? తీర్థమేదీ? పెద్దలకి బట్టలెట్టడమేదీ? ఇది మన పండగ కాదు, సినిమావోలు పండగ."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మేం పెట్టిన బొమ్మల్లో ముగ్గులున్నాయి, హరిదాసు ఉన్నాడు, గంగిరెద్దు ఉంది, గొబ్బెమ్మలు ఉన్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో పిల్లలు పది రోజుల ముందు నుంచి పేడతో చిన్న చిన్న పిడకలు చేసి, నడిమిన చిల్లు పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగిమంటలో వేసే సంబరం ఒక్క బొమ్మలోనూ లేదు. సంక్రాంతి నాడు పోయిన పెద్దల పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టడం లేదు. కనుమ నాడు ఊరి బయట సాగే తీర్థం, అంటే జాతర, లేదు. నేను వెతికిన చోట అవి దొరకవు. తప్పు ఆర్కైవులది కాదు. ఏ ప్రశ్నకి ఏ చోటు జవాబు చెప్తుందో తెలుసుకోకుండా నేను వెతకడం మొదలుపెట్టాను.

బడిలో ప్రాజెక్టు చేయించే టీచర్లు, అపార్టుమెంటులో పండగ జరిపేవాళ్ళు, దూరదేశంలో పిల్లలకి మన పండగ చూపించాలనుకునేవాళ్ళు అదే తప్పు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను.

పాత పత్రికలు

ఆ రోజుల్లో పండగ ఎలా ఉంటే బాగుంటుందని జనం అనుకునేవారో తెలుసుకోవాలంటే పత్రికల్ని మించింది లేదు. నా లెక్కలో మొదటి స్థానం ఆంధ్రపత్రిక ఉగాది సంచికలది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. సంవత్సరాదికి లావుపాటి ప్రత్యేక సంచిక వచ్చేది. దాన్ని పట్టుకున్న చాలామంది పద్యాలు, వ్యాసాలు చదివి ఆపేస్తారు. పండగ కోసం వెతికేవాళ్ళు ముందు ప్రకటనలు చూడాలి. పండగకి ఏం కొనమని ఊరించారు, ఎవరిని ఉద్దేశించి ఊరించారు, ఇంటి ఇల్లాలు ఏ చీరలో కనిపిస్తోంది, ఏ వస్తువు కొత్తగా ఇంట్లోకి వస్తోంది, ఇవన్నీ ఆ పేజీల్లోనే ఉంటాయి. వ్యాసం రాసినాయన పండగ ఎలా చేసుకోవాలో చెప్తాడు. ప్రకటన రాసినవాడు జనం చేతిలో డబ్బు ఎటు పోతోందో చూసి రాస్తాడు.

ఆ పత్రికల పుట్టుకలోనే ప్రకటన ఉంది. ఆంధ్రపత్రిక వెనక ఉన్న డబ్బు అమృతాంజనం అమ్మగా వచ్చింది. కె.ఎన్. కేసరిగారు 1928లో మొదలుపెట్టిన గృహలక్ష్మి వెనక లోధ్ర మందు ఉంది. మందు సీసాలు అమ్మిన లాభంతో ఆడవాళ్ళ రచనలు అచ్చయ్యాయి. నాకు ఇది ఎంతో ఇష్టమైన సంగతి. అందుకే ప్రకటనల పేజీని దాటవేయొద్దని అందరికీ చెప్తాను.

ఇవి దొరికే చోటు ప్రధానంగా రెండు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ, అంటే ఇప్పటి సి. రాఘవాచారి మీడియా అకాడమీ, పాత పత్రికల్ని స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది. రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలావరకు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. పత్రిక పేరూ తేదీ తెలిస్తే మొదటిది తేలిక. ఏం కావాలో ఇంకా తెలియకుండా ఊరికే చేయి పెట్టి చూద్దామనుకుంటే రెండోది మేలు.

రెండు చోట్లా చాలా స్కాన్లు బొమ్మలే కానీ వెతకగలిగే అక్షరాలు కావు. "భోగి" అని టైపు చేస్తే పేజీ రాదు. తేదీ పట్టుకుని పేజీలు తిప్పుకోవాల్సిందే. ఇక్కడ చాలామంది ఒకచోట బోల్తా పడతారు. సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14నో 15నో అనుకుని ఆ తేదీ చూసి వదిలేస్తారు. సూర్యుడు మకరంలోకి వచ్చే లెక్కకీ ఇంగ్లీషు కేలండర్‌కీ ఏడాదికి దాదాపు ఇరవై నిమిషాల తేడా ఉంది. సుమారు డెబ్భై ఏళ్ళకి అది ఒక రోజవుతుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి. కాబట్టి నూరేళ్ళ కిందటి దినపత్రికలో పండగ కోసం జనవరి 10 నుంచి 17 దాకా సంచికలన్నీ తిప్పాలి. పండగ మర్నాడు పేపరుకి సెలవు ఉంటే, జరిగిన ముచ్చట్లు ఆ తరవాతి సంచికలో వస్తాయి. ఉగాది, దసరా, దీపావళి తిథుల్ని బట్టి మారతాయి కాబట్టి ముందు ఆ ఏటి తేదీ చూసుకోండి.

పిల్లల కోసమైతే చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఈ పత్రిక పాత సంచికల స్కాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన జిల్లాలవాళ్ళకి ఇందులో ఇంకో ఆనందం ఉంది. చందమామ అట్టల మీద, యువ పత్రిక దీపావళి సంచికల్లో వపా అని సంతకం పెట్టిన వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టినవారు. ఆయన రంగులు ఒక్కసారి చూసిన పిల్లలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. మా ప్రదర్శనలో కూడా జనం ఎక్కువసేపు నిలబడింది వపా బొమ్మల ముందే. అయితే ఆయన గీసినది కల. అందులో పండగ శోభ ఉంటుంది, ఏ ఊళ్ళో ఏం చేసేవారన్న సమాచారం ఉండదు. ఆ బొమ్మ చూపించి "అప్పట్లో ఇలా ఉండేది" అని పిల్లలకి చెప్పకండి. "అప్పట్లో పండగని ఇలా ఊహించుకునేవారు" అని చెప్పండి. రెంటికీ చాలా దూరం ఉంది.

మన ఊరి మాట కావాలంటే కథానిలయం

పత్రికల గురించి మాట్లాడుతూ దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. కారా మాస్టారు, కాళీపట్నం రామారావుగారు, తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేర్చాలన్న పట్టుదల అది. వేల కథలు అవి మొదట వచ్చిన పత్రిక పేజీల స్కాన్లతోనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఏ కథ ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చిందో కూడా ఉంటుంది.

పండగ గురించి వెతికేవాళ్ళు కథల దగ్గరికి ఎందుకు పోవాలంటే, మన వైపు రచయితలు పండగ రోజు ఇంట్లో జరిగే గొడవ రాశారు. కొత్త బట్టలకి డబ్బు చాలని ఇల్లు, అల్లుడి రాక కోసం చేసిన అప్పు, పండగ పూట పనిలోకి వెళ్ళిన కూలీ మనిషి, ఇవేవీ ప్రకటనలో కనిపించవు, సినిమా పాటలో కనిపించవు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన చాసోగారి (చాగంటి సోమయాజులు) కథలు, కారా మాస్టారి కథలు తీసుకోండి. మనుషులు మన యాసలో మాట్లాడతారు. పండగ కథ అని పేరు పెట్టి ఉండదు కాబట్టి వెతకడం కష్టమే. నేను చేసే పని ఇది: మన రెండు జిల్లాల రచయితల పేర్లు పట్టుకుని, వాళ్ళ కథల్లో దీపావళి, ఉగాది, సంక్రాంతి సంచికల్లో వచ్చినవాటిని తేదీని బట్టి ముందు చదువుతాను. అన్నిట్లోనూ పండగ ఉండదు, కొన్నిట్లో ఉంటుంది. ఆ కొన్ని చాలు.

ఆన్‌లైన్ మీదే ఆధారపడక శ్రీకాకుళం వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళండి. ఆ అరల మధ్య ఒక్క పూట కూర్చుంటే, స్క్రీన్ మీద వారం రోజుల్లో కనపడనిది కనపడుతుంది.

సినిమాలు, పాటల పుస్తకాలు

అందరూ మొదట పోయేది ఇక్కడికే. యూట్యూబ్‌లో నిమిషంలో దొరుకుతుంది, కదులుతుంది, పాడుతుంది. పిల్లలు కుదురుగా కూర్చుని చూస్తారు. నేనూ ముందు ఇటే వెళ్ళాను, మామ్మగారి చేత మాట పడిందీ ఇందుకే.

తెలుగు టాకీ 1932లో మొదలైంది. తొలి ఏళ్ళు దాటాక చాలాకాలం తెలుగు సినిమా అంటే మద్రాసు స్టూడియోలే. పల్లెటూరంటే సెట్టు వేసిన పల్లెటూరు. ఆ సెట్టులో ఎక్కువగా కనపడేది కృష్ణా గోదావరి జిల్లాల డెల్టా పల్లె. తీసినవారిలో, పెట్టుబడి పెట్టినవారిలో ఎక్కువమంది అటువైపువారు కావడంతో వాళ్ళకి తెలిసిన పండగే తెర మీదికొచ్చింది. అది తప్పని నేను అనను. చూసి చూసి మనం కూడా అదే తెలుగువారి పండగ అనుకోవడం మొదలుపెట్టాం, నా బాధ దాని గురించి. మా వీధిలో ఇప్పటి పిల్లలకి హరిదాసు తెలుసు. తప్పెటగుళ్ళు అంటే ఏంటని అడిగారు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, గజ్జెలతో గంతులేస్తూ మన యాదవులు ఆడే ఆట, మన నేల మీద పుట్టిన ఆట. అది వాళ్ళకి తెలియదు.

అయినా సినిమాని పక్కన పెట్టేయమని చెప్పను. కొన్ని పాటల్లో నేల వాసన ఉంటుంది. 1955లో వచ్చిన రోజులు మారాయి సినిమాలో కొసరాజుగారు రాసిన ఏరువాక పాట జ్యేష్ఠ పౌర్ణమికి, తొలకరికి, దుక్కికి సంబంధించిన పండగని ఊరూరా జనం నోట్లో నిలబెట్టింది. ఏరువాక పున్నమి అంటే తెలియని పట్నం పిల్లలకి ఆ పాట వినిపించి మొదలుపెట్టడం మంచి పద్ధతి. వినిపించాక, ఇంట్లో వ్యవసాయం చేసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి.

సినిమా కంటే నాకు ఎక్కువ పనికొచ్చినవి పాటల పుస్తకాలు. సినిమా హాలు దగ్గర అణాకీ బేడకీ అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. వెనకట్ట మీద ప్రకటన ఉంటుంది. సేకరించేవాళ్ళు స్కాన్ చేసి పెట్టినవి చాలా ఉన్నాయి. ప్రదర్శనలో గోడకి పెట్టడానికి సరిగ్గా సరిపోతాయి.

రికార్డులు

వినేవాళ్ళు పెద్దవాళ్ళయితే పాత రికార్డుని మించిన సాధనం లేదు. బొమ్మ చూపిస్తే చూసి ఊరుకుంటారు. పాట వినిపిస్తే నోరు విప్పుతారు. ఇది నేను పది ఇళ్ళలో చూసి చెప్తున్న మాట.

మన నేలకి సంగీతంలో ఉన్న పేరు చిన్నది కాదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, హరికథా పితామహుడు, బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టినవారు. ఘంటసాల అక్కడ చదివారు. సుశీలమ్మ పుట్టింది విజయనగరంలోనే, చదివింది ఆ కళాశాలలోనే. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు చిన్న వయసులోనే గ్రామఫోన్ రికార్డులిచ్చారు. ఆయన లలిత గీతాలు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో వినొచ్చు.

రికార్డుతో వచ్చే చిక్కు దాని కొలత. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క పళ్ళెం మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. రాత్రంతా సాగే హరికథని, జముకుల కథని, తూర్పు భాగవతాన్ని అందులోకి ఎలా దించుతారు? దించినప్పుడు ఒక పద్యమో ఒక దరువో మిగులుతుంది. కాబట్టి పండగ రాత్రి కోవెల ముందు జరిగిన కథ ఇలాగే ఉండేదని ఆ రికార్డు విని అనుకోవద్దు. అది మచ్చుకి మాత్రమే. పూర్తి కథ విన్నవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఆ మచ్చు వినిపిస్తే మిగతాది వాళ్ళే చెప్తారు.

విశాఖపట్నం ఆకాశవాణి 1963 నుంచి మన జానపద కళాకారుల చేత పాడించింది. ఆకాశవాణి, దూరదర్శన్ పాత రికార్డింగులు కొన్ని వాళ్ళ యూట్యూబ్ చానళ్ళలో వస్తుంటాయి. అవి కనిపిస్తే వదలకండి.

ఇంగ్లీషువాళ్ళు రాసిన పుస్తకాలు

ఇవి వినోదం కోసం రాసినవి కావు. కానీ మన జిల్లాల పేరు పట్టుకుని వెతికితే పత్రికల కంటే, సినిమాల కంటే ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది. కార్మైకేల్ 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాశాడు. ఫ్రాన్సిస్ 1907లో అదే జిల్లా గెజెటీరు, అంటే జిల్లా వివరాల సర్కారు పుస్తకం, రాశాడు. మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్ 1882లో వచ్చింది. థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో వేశాడు. అన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. అక్షరాలు వెతకగలిగేలా ఉన్నాయి, ఇది పెద్ద సదుపాయం.

వెతికేటప్పుడు ఊరి పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంతకు ముందు పుస్తకాల్లో ఆ పేర్లతో జిల్లా ఉండదు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ విశాఖపట్నం జిల్లా కింద ఉంటాయి. శ్రీకాకుళం, టెక్కలి 1936 దాకా గంజాం జిల్లా కింద ఉంటాయి. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాశారు, ఆ పేరుతోనే వెతకాలి. విజయనగరం స్పెల్లింగులో ఒక "ఏ" తగ్గించి, విజయానగ్రం అన్నట్టు రాసేవారు. రెండు రకాలుగానూ టైపు చేసి చూడండి. ఇంకా దగ్గరి సంగతి, రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. అందువల్ల ఇరవై ఏళ్ళ కిందటి వార్త కూడా ఒక్కోసారి రెండు జిల్లాల పేర్లతోనూ వెతకాల్సి వస్తుంది.

పైడితల్లమ్మ సిరిమాను గురించి వెతికినప్పుడు ఈ పుస్తకాల బలం, బలహీనత రెండూ నాకు తెలిశాయి. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం, పూజారి చింతమాను చివర కూర్చుని మన కోట దాకా మూడుసార్లు వచ్చి వెళ్ళే ఆ ఉత్సవాన్ని చూసినవాళ్ళకి నేను చెప్పేదేముంది. సిరిమానుకి ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల నడుస్తాయి. ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. 1757 బొబ్బిలి యుద్ధం, తన అన్న పెద విజయరామరాజు కోసం తల్లడిల్లిన పైడితల్లి కథ, పెద్ద చెరువులో దొరికిన అమ్మవారు, ఇదంతా మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పే కథ. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇలాంటి ఉత్సవాల్ని ఒళ్ళు గుచ్చుకుని వేలాడే సిడితో కలిపి ఒకే గాటన కట్టి రాస్తారు. అనాగరికం అన్న చూపు వాక్యాల నిండా ఉంటుంది. అందులో తేదీలు, పేర్లు, ఊళ్ళు తీసుకోండి. అభిప్రాయం తీసుకోకండి. ముఖ్యంగా పిల్లల ప్రాజెక్టులో ఆ వాక్యాల్ని తెలుగు చేసి పెట్టేస్తే, మన అమ్మవారి గురించి ఎవరో పరాయివాడి ఏవగింపుని మన పిల్లల నోట పలికించినట్టవుతుంది. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను.

ఎవరికి ఏది

వారం రోజుల్లో బడిలో ఏదైనా చేయించాలంటే చందమామ ఒక్కటి చాలు. ఒకే నెల సంచికలు, పదేళ్ళ తేడాతో రెండు మూడు తీసి పక్కపక్కన పెట్టండి. అక్టోబరు, నవంబరు సంచికలైతే దీపావళి దొరుకుతుంది. అట్ట మీద బట్టలు, దీపాలు, ఇల్లు ఎలా మారాయో పిల్లలే కనిపెడతారు. లోపలి ప్రకటనలు కూడా చూపించండి. అంతకు మించి పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఫలితం ఉండదు.

అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండి పిల్లలకి పండగ రుచి చూపించాలనుకునేవాళ్ళు సినిమా పాటతో మొదలుపెట్టండి, తప్పు లేదు. ఆ తరవాత మాత్రం వీడియో కాల్‌లో అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి "మీ ఊళ్ళో ఇలాగే చేసేవారా?" అని అడగనివ్వండి. ఆవిడ "కాదర్రా" అంటుంది. అక్కడ అసలు పండగ మొదలవుతుంది. పోకుండలు ఎలా పోసేవారో, అరిసెల పాకం ఎవరు చూసేవారో, ముక్కనుమ నాడు బొమ్మల నోము ఎవరికి పట్టించేవారో అన్నీ వస్తాయి.

ఊరి ప్రదర్శనకి, వీధి సంబరానికి మాత్రం నేను క్రమం మార్చేశాను. ముందు ఇళ్ళు, తరవాత కథానిలయం, తరవాత గెజెటీర్లు, చివరికి పత్రికలు, సినిమాలు. పోయినసారి సరిగ్గా తలకిందులుగా చేశాను. పత్రికలూ సినిమాలూ ముందు చూస్తే మన కళ్ళు వాటికి అలవాటుపడిపోతాయి, ఇంట్లో ఉన్నది పాతదిగా, చిన్నదిగా కనిపిస్తుంది. ఇంట్లో అడిగి వెళితే, పత్రికలో ఏది లేదో కూడా కనిపిస్తుంది. ప్రదర్శనకి ఆ లేనిది ఎక్కువ అవసరం.

ఇళ్ళలో అడగడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. చేతిలో ఒక పాత ప్రకటనో, పాట పుస్తకమో పట్టుకెళ్ళండి. ఖాళీ చేతుల్తో వెళ్ళి "అప్పటి పండగ గురించి చెప్పండి" అంటే "ఏముంది, చేసుకునేవాళ్ళం" అంటారు. బొమ్మ చూపిస్తే "ఈ గిన్నె మా ఇంట్లో ఉండేది" అని మొదలెడతారు. ఫోనులో రికార్డు చేస్తున్నామని ముందే చెప్పండి. ట్రంకుపెట్టెలో ఫొటోలుంటే పెట్టె పట్టుకెళ్తామని అడగొద్దు, వాళ్ళ కళ్ళ ముందే, కిటికీ వెలుతురులో, నీడ పడకుండా ఫోనుతో తీసి వెంటనే ఇచ్చేయండి. ఫొటోలో ఎవరు, ఏ పండగ, ఏ ఊరు అన్నది ఆ క్షణంలోనే రాసుకోండి. రేపు అడుగుదాం అనుకున్న రెండు ఇళ్ళలో నాకు ఆ రేపు రాలేదు.

హక్కుల గురించి కూడా ఒక మాట. మన చట్టం ప్రకారం రచనకి, బొమ్మకి ఆ మనిషి పోయాక 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. సినిమాకి, సౌండు రికార్డుకి విడుదలయ్యాక 60 ఏళ్ళు. వపాగారు 1992లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకి ఇంకా చాలా ఏళ్ళు హక్కు ఉంది. ఆన్‌లైన్‌లో స్కాన్ దొరికినంత మాత్రాన కేలండరు వేసి అమ్ముకోవచ్చని కాదు. ఏది చూపించినా పత్రిక పేరు, నెల, ఏడు, గీసినవారి పేరు కింద రాయండి. పిల్లలకి ఆ అలవాటు చిన్నప్పుడే రావాలి.

ఈ ఏడాది మా మండపంలో మొదటి అట్ట మీద ఏ ముద్రణ బొమ్మా లేదు. మామ్మగారు మనవరాలి చేత చేయించిన పిడకల దండ మేకుకి వేలాడదీశాం. దాని పక్కన ఒక వపా ముఖచిత్రం, ఒక పాత చీరల ప్రకటన పెట్టాం. కింద ఖాళీ కాగితం అంటించి, దారంతో పెన్సిలు కట్టి "మీ ఇంట్లో ఎలా చేసేవారు?" అని రాశాం. కనుమ సాయంత్రానికి కాగితం నిండిపోయింది. రెండోది అంటించాం. రాయడం రాని ఒక ముసలాయన పక్కనున్న కుర్రాడి చేత రాయించుకున్నారు. ఆయన చెప్పింది ఒక తీర్థం పేరు, ఆ తీర్థంలో కొన్న మట్టి గుర్రం ధర, దాన్ని కొనిచ్చిన మేనమామ పేరు. దండ మాత్రం భోగి నాడు తెల్లారకట్లే పిల్లలు తీసేసుకుని మంటలో వేసేశారు. మామ్మగారు ఇంకోటి గుచ్చి పంపించారు.